పేర్లకు ముసుగు వేసిన మొనగాడు

కూర్చో వదినా, ఆ బెంచీకి ఇటు చివర కూర్చో, అటువైపు కాలు ఊగుతుంది. బాబాయ్, రెండు టీ. అన్నయ్య గొంతు సంగతే కదా, చెప్పడానికే నిన్ను రమ్మన్నాను. కాకపోతే ముందు నేను చేసిన ఘనకార్యం తెలిస్తే గానీ ఆ సంగతి అర్థం కాదు. ఈ ఆస్పత్రి కంప్యూటర్ గదిలో నన్ను మించిన మొనగాడు లేడని నేనే చెప్పుకోకూడదు. ఇంకెవరూ చెప్పడం లేదు కాబట్టి చెప్పుకుంటున్నాను.

"గొంతు తీసేసే ఆపరేషన్‌కి ముందు సోమవారం ఆయన రోజంతా కూర్చుని మాట్లాడిన రికార్డింగులు దొరికాయా లేదా, అది చెప్పు," అంది వదిన. "మాట్లాడే మెషిన్ తయారుచేసేవాళ్లకి ఇవాళ సాయంత్రంలోగా ఇవ్వాలి. లేదంటే అందులో ఎవడిదో గొంతు పెట్టేస్తారు. నేను బతికినన్నాళ్లూ ఎవడో పరాయివాడు నన్ను 'ఏమోయ్' అని పిలవాలా?"

అక్కడికే వస్తున్నా. మా గదిలో నలభై మెషిన్లు కలిసి ఒక్క బీరువాలా పనిచేస్తాయి. రోజూ సాయంత్రం ఏడింటికి ఆ బీరువా మొత్తాన్నీ ఫొటో తీసినట్టు ఒక స్నాప్‌షాట్ తీస్తాం. తర్వాత ఎవడు ఏం చెరిపినా ఆ ఫొటోలోంచి వెనక్కి తెచ్చుకోవచ్చు. అన్నయ్య ఫోల్డర్ని శుక్రవారం గుమస్తా చూసుకోకుండా చెరిపేశాడు, నిజమే. సోమవారం నుంచి గురువారం దాకా తీసిన నాలుగింటిలో మాత్రం అది ఉంది.

"ఉందా!" వదిన గ్లాసు కింద పెట్టేసింది.

ఆగు, ఆగు. ప్రతి స్నాప్‌షాట్‌కీ ఒక పేరుంటుంది, ముందు తేదీ, పక్కన దేనికి తీశామో నాలుగు ముక్కలు. ఫైళ్లకి అప్పటికే తాళం ఉంది, కానీ ఈ పేర్లు మాత్రం బట్టబయలు. 'ఇద్దరు డాక్టర్లను తీసేసే ముందు' అని పేరుంటే ఇక లోపలికి వెళ్లి చూడాలా, తలుపు బయటే కథంతా తెలిసిపోదూ? ఇంతమంది ఇంజినీర్లున్నారు, ఒక్కడికైనా తట్టిందా? నాకు తట్టింది. ఒక్క మధ్యాహ్నం కూర్చుని పాతవీ కొత్తవీ పేర్లన్నిటినీ ఎన్‌క్రిప్ట్ చేసి పారేశాను. తాళంచెవి లేనివాడు చదవబోతే నాలుక మడతపడే అక్షరాలు. తాళంచెవి నా ఒక్కడి దగ్గరే.

"బాగానే చేశావు," అన్నాడు టీకొట్టు బాబాయి. "మరి..."

ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక దొంగ డిస్కు ఎత్తుకుపోయాడు. మూడు రోజులు ఆ పేర్ల వంక చూసి చూసి, కళ్లజోడు తెచ్చుకుని, ఆ జోడుకి ఇంకో జోడు పెట్టుకుని, చివరికి డిస్కు వెనక్కి తెచ్చి నా కాళ్ల మీద పడ్డాడు. "అన్నా, నా పేరు కూడా మర్చిపోయాను, అదైనా చెప్పు" అని ఒకటే ఏడుపు. అంత గట్టి ముసుగు!

"చెప్పావా?" అన్నాడు బాబాయి.

నాకు తెలిస్తే కదా! అక్కడితో ఆగిందనుకున్నావా? ఆ ముసుగు మెషిన్ల లోంచి తీగెల్లోకి పాకింది. పొద్దున వచ్చి చూస్తే వార్డుల తలుపుల మీద బోర్డులన్నీ నలభై మూడేసి అక్షరాలు. పంటినొప్పని వచ్చినవాడికి కట్టు కట్టి పంపారు. పెద్ద డాక్టరుగారు తన గదేదో తెలియక మెట్ల మీదే కూర్చుని రోగుల్ని చూశారు. వీధి పేర్లు పోయాయి. ఆకాశంలో మబ్బులకి ఎక్కడ కురవాలో తెలియక ఊరిని రెండుసార్లు చుట్టి వచ్చి, నా కిటికీ దగ్గర నిలబడి అడిగాయి...

ఇంకా చాలా ఉంది చెప్పడానికి. నా నోరు ఆగితే ఆ వెనకాల ఉన్న మాట బయటపడుతుందని నాకొక్కడికే తెలుసు.

"నేను పాత రిపోర్టుల గదిలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను," అంది వదిన. గొంతేమీ పెంచలేదు. "మా దగ్గర పాత ఫైళ్లు తీసేసేవాడు అట్ట మీద తేదీ చూసి తీస్తాడు. మీ దగ్గర పాతవి ఎవరు తీసేస్తారు?"

ఒక ప్రోగ్రాం. నేనే రాశాను. రోజూ దానంతటదే...

"అదీ పేరు చూసే తీస్తుందా?"

పేర్లని వరసలో పెట్టి, చివరి ముప్పై ఉంచి, ముందున్నవి తీసేస్తుంది. తేదీతో మొదలయ్యే పేర్లు కదా, వరసలో పెడితే పాతవే ముందుకొస్తాయి.

"తాళంచెవి దానికి ఇచ్చావా?"

నా ఒక్కడి దగ్గరే అన్నాను కదా వదినా.

"అంటే అట్టలన్నిటికీ నువ్వు తారు పూశావు. అది కళ్లు మూసుకుని చేతికందిందల్లా చింపుతూ పోయింది."

బాబాయి స్టవ్ మంట తగ్గించాడు.

మిగిలిన ముప్పై తీసి చూశాను వదినా. ఒక్కోటీ రెండేసిసార్లు. వాటిలో పోయిన నెలవి ఉన్నాయి, నిన్నటిది ఉంది. ఆ సోమవారం లేదు. మంగళ, బుధ, గురువారాలూ లేవు. నాలుగంటే నాలుగు రోజులు బతికింది అన్నయ్య గొంతు, ఆ నాలుగూ...

వదిన లేచి చీర కుచ్చిళ్లు సర్దుకుంది. నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"ఇంటికి పద," అంది. "ఆయనకి నేను చెప్పను, నువ్వే చెప్పాలి. ఒక్క ముక్కలో చెప్పు. మధ్యలో నిన్ను ఆపమనడానికి ఆయన దగ్గర గొంతు లేదు."