హబ్సిగూడ దాకా వెళ్లొచ్చిన స్ట్రైకరు

తార్నాక మెట్రో స్టేషను దిగి యూనివర్సిటీ వైపు నడిస్తే, గేటుకు కొంచెం ఇవతల సోమమ్మ టీ బండి ఉంటుంది. అక్కడ టీ బాగుంటుందని ఎవరూ అనరు. సోమమ్మ కూడా అనదు. అక్కడికి వచ్చేవాళ్లు జీవరత్నంగారు నోరు తెరుస్తారేమోనని వస్తారు. ఆయన నోరు తెరవని సాయంత్రం ఇంతవరకు లేదు గనుక బండి బాగానే నడుస్తోంది.

జీవరత్నంగారు యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాలిచ్చే కౌంటరు చూస్తారు. పగలంతా ‘నిశ్శబ్దం పాటించండి’ అన్న బోర్డు కింద కూర్చుంటారు. అలా ఎనిమిది గంటలు లోపల ఊరినదంతా సాయంత్రం సోమమ్మ బెంచీ మీద బయటికొస్తుంది. గుంటూరు దగ్గరి ఊరి నుంచి చదువుకొచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆదివారం చర్చి తప్పరు, ఎనిమిదింటికి కుటుంబ ప్రార్థన తప్పరు, అబద్ధం ఆడరు. చివరిది ఆయన చెప్పిందే.

ఆ శుక్రవారం మాత్రం ఆయనకు ఇంటికి పోబుద్ధి కాలేదు. మర్నాడు వాళ్ల చర్చిలో కుటుంబ ఆటల దినం. తండ్రీబిడ్డల జోడీలకు క్యారమ్స్ పోటీ. పేర్లు ఆ సాయంత్రం ఏడింటిలోపు సండే స్కూలు టీచరు వేదవతిగారికి ఇవ్వాలి. ఎనిమిదో తరగతి చదివే ఆయన కూతురు ఎస్తేరు సోమవారం నుంచి హాల్లో బోర్డు వేసుకుని, “డాడీ, పేర్లిచ్చే ముందు ఒక్క ఆట” అని కూర్చుంటోంది. ఆ పిల్లకు అన్నం తినిపించే రోజుల నుంచి ముద్దకొకటి చొప్పున తన హాస్టలు క్యారమ్స్ ప్రతాపాలు కూడా తినిపించిన మనిషి, ఇప్పుడు ఆ పిల్ల ఎదుట స్ట్రైకరు పట్టుకోవాలి. ఆయనకు స్ట్రైకరు పట్టుకోవడం రాదు. ఈ సంగతి తనకూ దేవుడికీ తప్ప మూడోవారికి తెలియదని ఆయన ధైర్యం. అందుకే సోమవారం లైబ్రరీలో పని ఎక్కువైంది, మంగళవారం తల నొప్పెట్టింది, బుధ గురువారాల్లో వేలు బెణికింది. శుక్రవారానికి సాకులు అయిపోయి సోమమ్మ బెంచీ మిగిలింది.

బెంచీకి ఆ చివర శ్రావణ్ ఉన్నాడు. అతని పరిశోధన ఆరో ఏడు నడుస్తోంది, ఫోనులో కార్ల రేసు మాత్రం దాదాపు పూర్తి కావచ్చింది. ఈ చివర సమ్మయ్య ఉస్మానియా బిస్కెట్టు టీలో ముంచుకుంటున్నాడు. హాస్టళ్లలో అటెండరుగా చేసి రిటైరైన మనిషి. ఏ హాస్టలో జీవరత్నంగారు ఎన్నడూ అడగలేదు. అడగాలంటే ఎదుటివాడికి మాట్లాడే సందు ఇవ్వాలి.

“తమ్ముడూ, ఆ ఫోను లోపల పెట్టు,” అన్నారు జీవరత్నంగారు. “ఆటంటే ఏంటి? మధ్యలో ఒక బోర్డు, చుట్టూ నలుగురి మోకాళ్లు. మోకాళ్లు దేవుడిచ్చింది రెండిటికే, ఒకటి ప్రార్థనకి, రెండోది క్యారమ్స్‌కి. మా ఇంట్లో ఫోను ఆటల్లేవు. లూడో లేదు, పాచికలంటే జూదం. పాములూ నిచ్చెనలూ ఉంది గానీ, సగమే.”

“సగమేంది సార్?”

“నిచ్చెన యాకోబు కలలోది, ఎక్కొచ్చు. పాము ఏదెను తోటలోది, దాని మాట వినకూడదు. అంచేత మేం నిచ్చెనలు ఎక్కుతాం, పాము నోట్లో పడినా దిగం. పాచిక బదులు మా ఆవిడ సుప్రజ ఒకటి నుంచి ఆరు దాకా చీటీలు రాసి డబ్బాలో వేసింది. అపొస్తలులు కూడా చీట్లు వేశారు కదా!”

“మరి ఎవరు ఓడిపోతరు సారూ?” అంది సోమమ్మ, పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ.

“ఎవరూ ఓడిపోరమ్మా. కుటుంబం అన్నాక అంతే. తండ్రి పిల్లలతో కూర్చుని ఆడితే చాలు, ఆ ఇల్లు నిలబడుతుంది. ఈ కాలం తండ్రులకి తీరికేదీ?”

ఆయన జేబులో ఫోను మోగింది. తీసి చూసి, దాన్ని బెంచీ మీద బోర్లా పెట్టారు.

“బిడ్డేనా?” అంది సోమమ్మ.

“దానికి నా ఆటంటే ప్రాణం,” అన్నారాయన, గొంతు సవరించుకుని. “ఉండదా మరి? తొంభై ఆరులో మా హాస్టలు కామన్ రూములో ఏమైందో మీకు చెప్పానా? చెప్పలేదా? చిన్న సంగతేలే. కామర్స్ కమలాకర్ అని ఒకడుండేవాడు, క్యారమ్స్‌లో యూనివర్సిటీ మొత్తానికీ మొనగాడు. వాడితో ఆడుతూ నేను వరసగా మూడు బిళ్లలు వేశాను. అంతే. స్తోత్రం, నా గొప్పేం లేదు, అంతా ఆయన కృప.”

“మూడేనా?” అన్నాడు శ్రావణ్ ఫోనులోంచి తల ఎత్తకుండానే.

జీవరత్నంగారికి చిన్న సంఖ్యలు సరిపడవు. “మూడుతో ఆగితే గదా! నాలుగోది పడింది, ఐదోది పడింది, తొమ్మిది తెల్లవీ అయిపోయినాయి, నా చెయ్యి ఆగట్లేదు తమ్ముడూ, బ్రేకుల్లేని సిటీ బస్సులాగుంది, ఇక నల్లవి మొదలెట్టా.”

“నల్లయి ఎదుటోనియి గద సార్?”

“పాపం, వాడికి ఒక్కటీ పడట్లేదు. నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపుమని ఉంది. వాడివి కూడా నేనే వేసిపెట్టా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కరెంటు పోయింది. రూమంతా చీకటి. నేను కళ్లు మూసుకున్నా.”

“చీకట్ల కండ్లు మూసుడెందుకు?” అంది సోమమ్మ.

“ప్రార్థనకమ్మా! కళ్లు తెరిచి ప్రార్థన చేస్తామా? కళ్లు మూసుకుని, ఆమెన్ అనే లోపల నాలుగు బిళ్లలు. చప్పుడు విని లెక్కపెట్టారు జనం. అప్పటికి కిటికీలకి వేళ్లాడుతున్నారు, మాణికేశ్వర్ నగర్ నుంచి ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని వచ్చేశారు, రామంతాపూర్ నుంచి టీవీ కెమెరా ఆయన స్కూటరు మీద వచ్చాడు. వచ్చి ఏం లాభం? నా స్ట్రైకరు కెమెరాకి కనపడితేగా! ఆ వేగానికి బోర్డు మీది బోరిక్ పౌడరు లేచి, కిటికీలోంచి బయటికిపోయి, ఆర్ట్స్ కాలేజీ మెట్ల దాకా పొగమంచులా కమ్మేసింది. మే నెల! తార్నాక బస్సులు మర్నాడు మిట్టమధ్యాహ్నం దాకా లైట్లేసుకుని నడిచినాయి.”

సమ్మయ్య బిస్కెట్టు ముంచడం ఆపాడు. “పౌడర్ మస్తు లేసిందా సారూ?” అన్నాడు మెల్లగా.

“లేవడమా! ఇద్దరికి జలుబు చేసింది.”

“గట్లనా,” అని సమ్మయ్య మళ్లీ ముంచాడు. బిస్కెట్టు అప్పటికే విరిగి గ్లాసు అడుగున పడింది.

ఫోను మళ్లీ మోగింది, బోర్లానే. జీవరత్నంగారు గొంతు పెంచారు. ఆయన అలవాటే అది, ఇంటి నుంచి ఫోను వచ్చినకొద్దీ కోత పొడుగవుతుంది.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? బోర్డు మీద తెల్లవి లేవు, నల్లవి లేవు. నట్టనడుమ రెడ్డు ఒక్కటే, సింహాసనం మీద రాణిలాగా. కమలాకర్‌కి చెమటలు. నేనన్నానూ, తమ్ముడూ, గర్వం వద్దు, నా చిటికెనవేలు చాలు అని. కొట్టా. స్ట్రైకరు నాలుగు గోడలకూ తగిలింది, లేచింది, కిటికీలోంచి పోయింది.”

“పోయిందా!” శ్రావణ్ కార్ల రేసులో అతని కారు చెట్టుకు గుద్దుకుంది. అతను చూసుకోలేదు.

“పోయింది. రైల్వే గేటు దాటింది, హబ్సిగూడ పోయింది, అక్కడొక టిఫిన్ సెంటర్లో పెసరట్టు వేస్తున్న పెనానికి టంగుమని తగిలింది. ఆ దెబ్బకి పెసరట్టు తనంతట తనే తిరగబడింది. పక్కనే భూకంపాలు కొలిచే ఆఫీసులో ముల్లు గజగజ ఊగింది, ఆఫీసరు బల్ల కింద దూరాడు. పెనానికి తగిలిన స్ట్రైకరు వెనక్కి తిరిగింది. వచ్చేటప్పుడు ఉప్పల్ రోడ్డు మీద సిగ్నలు పడితే ఆగింది కూడానూ, నా దగ్గర నేర్చుకున్న క్రమశిక్షణ అలాంటిది! కుక్కలు తరుముతున్నా అదే కిటికీలోంచి లోపలికొచ్చి, రెడ్డుని ఇలా, వేలితో పసిపిల్ల బుగ్గ తాకినట్టు తాకింది. రెడ్డు పాకెట్లో పడింది. ఆట గెలిచా. స్ట్రైకరు చేతిలోకి తీసుకుంటే కాలుతోంది. దానికి అల్లం పచ్చడి అంటుకుని ఉంది. నాలిక మీద పెట్టుకు చూశా, కొంచెం ఉప్పు తక్కువైంది. స్తోత్రం, నా గొప్పేం లేదు.”

సోమమ్మ పాలు పొంగిపోయాయి.

“మరి కవర్ దేనితో వేశావ్ డాడీ?”

జీవరత్నంగారు వెనక్కి తిరగలేదు. తిరగకుండానే ఎవరో తెలిసింది. ఎస్తేరు సైకిలు స్టాండు వేసి, బండి వెనక ఎప్పటి నుంచి నిలబడిందో, చేతులు కట్టుకుని ఉంది.

“కవరా?” అన్నారాయన.

“రెడ్డు వేశాక వెంటనే మన బిళ్ల ఇంకోటి వెయ్యాలి కదా. వెయ్యకపోతే రెడ్డుని మళ్లీ మధ్యలో పెట్టేస్తారు. అందుకే ఎవరూ రెడ్డుని చివరికి ఉంచుకోరు. నీ బిళ్లలన్నీ అయిపోయాయన్నావ్. కవర్ దేనితో వేశావ్?”

శ్రావణ్ ఫోను జేబులో పెట్టేశాడు. “అవును సార్, దేనితోని?” అన్నాడు, ఆరేళ్ల పరిశోధనలో రాని ప్రశ్న దొరికినవాడిలా.

జీవరత్నంగారు నోరు తెరిచారు. లైబ్రరీ బోర్డు కింద కూడా అంత నిశ్శబ్దం ఆయన పాటించి ఉండరు. కూతురి ముఖం చూడాలి, చూడలేక గ్లాసులోకి చూస్తున్నారు. గ్లాసు ఎప్పుడో ఖాళీ అయింది.

“సారు ఆడలే బిడ్డా,” అన్నాడు సమ్మయ్య, విరిగిన బిస్కెట్టును చెంచాతో తీసుకుంటూ. “ఆ హాస్టల్ల కామన్ రూము తాళంచెవి నా కాడనే ఉంటుండె. కమలాకర్ సారు ఆడుతుండె, మీ డాడీ పక్కన కూసొని పౌడర్ జల్లుతుండె. రోజూ గదే పని.”

జీవరత్నంగారి చెవులు ఎర్రబడ్డాయి. మూడోవారికి తెలుసు. పైగా ఇన్నేళ్లూ పక్కనే కూర్చుని బిస్కెట్లు తింటూ విన్నాడు.

“కానీ ఒక మాట,” అన్నాడు సమ్మయ్య. “గట్ల జల్లేటోడు మళ్ల రాలే. ఒక్క చిటికెడు ఎక్కువ గాదు, తక్కువ గాదు. బోర్డు అద్దం లెక్క ఉంటుండె. కమలాకర్ సారు ఈయన రాకపోతే ఆటకే కూసోకపోతుండె.”

ఎస్తేరు కాసేపు తండ్రిని చూసింది. ఏడుస్తుందేమోనని సోమమ్మ గరిటె పక్కన పెట్టింది. పిల్ల ఏడవలేదు.

“వేదవతి ఆంటీకి మన పేర్లు ఇచ్చేశాను,” అంది.

“ఇచ్చేశావా? మనవా?”

“మరి ఎవరివిస్తాను? పద, ప్రార్థన టైము లోపల రెండు ఆటలు పడతాయి. పౌడరు నువ్వు చల్లు. పట్టుకోవడం నేను నేర్పిస్తా. బెణికిన వేలు ఏదీ?”

ఆయన కుడి చూపుడు వేలు చూపించారు. నిన్న చూపించింది ఎడమది. పిల్ల చూసీ చూడనట్టు సైకిలు స్టాండు తీసింది. అది తల్లి పోలిక.

ఇద్దరూ సైకిలు నడిపించుకుంటూ తార్నాక వైపు మళ్లారు. పది అడుగులు వేశారో లేదో, జీవరత్నంగారి గొంతు మళ్లీ ఊపందుకుంది. “పౌడరంటే గుర్తొచ్చింది తల్లీ, ఒకసారి నేను అలా చల్లానో లేదో, బోర్డు ఎంత నున్నగా అయిందంటే...”

“ఆ తర్వాత ఏమైంది డాడీ?”

ఆ ప్రశ్న ఇన్నేళ్లూ ఆయన అడిగిందే గానీ ఆయన్ని అడిగినవాళ్లు లేరు. జీవరత్నంగారు మెట్రో స్తంభం దాటేదాకా ఆలోచించారు.

“ఏం కాలేదమ్మా,” అన్నారు చివరికి. “వాళ్లు ఆడుకున్నారు. అయిపోయాక బోర్డు నేను తుడిచి, బిళ్లలు డబ్బాలో పోసేవాణ్ణి.”

“ఇదొక్కటి నమ్ముతా,” అంది ఎస్తేరు. జేబులోంచి స్ట్రైకరు తీసి, ఇంటికి చేరేలోపల అలవాటు చేసుకోమని ఆయన చేతిలో పెట్టింది.