వంట కోసమే మంట

పెరట్లో, ఇంకా చల్లారని బూడిద గుంట పక్కన నిలబడి, భర్తగారు భార్య చేత పాఠం అప్పజెప్పించుకుంటున్నారు. పొగ తనిఖీకి వచ్చే ఆఫీసరు వీధి మలుపులో బండి దిగాడని అప్పుడే కబురందింది.

"మళ్ళీ చెప్పు. ఆయన అడిగితే ఏమంటావు?"

"ఇక్కడ మంట వేసేది వంట కోసమే అంటాను."

"ఎన్నిసార్లు?"

"రెండు పూటలా."

"అదీ. వంట కోసమైతే ఏమీ అనరట. ఊరికే మంట వేస్తేనే జరిమానా. కొత్త రూలు."

"మరి రోజూ సాయంత్రం మీరూ మీ స్నేహితులూ చుట్టూ కుర్చీలేసుకుని..."

"అది ఎత్తకు."

"తడి ఆకులూ, రంగు వేసిన పాత తలుపు చెక్కలూ..."

"అదీ ఎత్తకు అంటున్నానా! కొంప మునుగుతుంది."

"నా దగ్గు సంగతి?"

"అది అసలే వద్దు. ఆయన ఉన్నంతసేపూ కాస్త ఉగ్గబట్టుకో."

"రెండేళ్ళుగా ఉగ్గబట్టుకునే ఉన్నానండీ. ఊపిరాడక లేచి కూర్చుంటే మీరు అటు తిరిగి పడుకుంటారు. ఎంత ఏడుపొస్తుందో తెలుసా నాకు?"

"అబ్బా, ఇప్పుడా అది? దోమలు పోతాయని వేస్తున్నాను, నీ కోసమేగా! ముందు ఆ ఫిర్యాదు చేసిందెవరో తేలాలి. ఇంకెవరు, పక్కింటి మేష్టారే. మొన్న నన్ను చూసి ధడాలున కిటికీ వేసుకున్నాడు."

"మిమ్మల్ని చూసి కాదు, పొగ చూసి."

"ష్! గేటు చప్పుడు. కాస్త నవ్వుతూ ఉండు. రండి సార్, రండి! అటు బూడిద, బూట్లు జాగ్రత్త."

"మీ మంట మీద ఫిర్యాదు వచ్చిందండీ."

"ఎవరు సార్?"

"పేరు చెప్పలేదు, ఆఫీసుకి ఫోను చేశారు. పొగకి ఊపిరాడటం లేదు, చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది అన్నారు."

"నోరు నొప్పా! నాతో ఒక్క ముక్క అంటే అప్పుడే ఆర్పేసేవాణ్ణి కదా సార్! ఏమోయ్, నువ్వు చెప్పు, నేను ఎలాంటివాణ్ణో."

"ఎవరేం చెప్పినా ఇట్టే వింటారు సార్."

"సరే. ఈ గుంటలో మంట దేనికమ్మా?"

"వంట కోసమే సార్. రెండు పూటలా."

"విన్నారుగా సార్! నోట్లోంచి ఎలా వచ్చిందో చూశారా, తడుముకోకుండా!"

"వండేదెవరు?"

"ఇంకెవరు సార్, మా ఆవి..."

"ఆయనే సార్."

"ఆఁ?"

"నాకు పొగ పడదు సార్. కూర తరగడం దగ్గర్నుంచీ గిన్నెలు తోమడం దాకా అంతా ఆయనే. నన్ను ఇటు రానివ్వరు."

"అదృష్టవంతురాలివమ్మా. మా ఇంట్లో నేను మంచినీళ్ళు కూడా ముంచుకోను. ఏమండీ, నిజమేనా?"

"అంటే... అదే... నిజమే సార్. చిన్నప్పట్నుంచీ సరదా."

"ఈ పూట ఏం వండారు?"

"ఈ పూటా... కూర సార్."

"ఏం కూర?"

"ఏం కూరోయ్?"

"వంకాయ సార్. మాడ్చేశారు."

"మాడలేదే! అంటే... కొంచెం అడుగంటింది సార్."

"మరి బూడిదలో ఈ మేకులేమిటి? ఇదిగో, తలుపు బందు. కూరలో వేశారా?"

"పొరపాటున పడి ఉంటుంది సార్."

"పడకూడదండీ. ఇకనుంచి పొడి కట్టెలే వాడాలి. వంట అవగానే ఆర్పెయ్యాలి. వండే మనిషిగా మీ పేరే రాసుకుంటున్నాను. మావాళ్ళు ఏ పూటైనా చెప్పకుండా వచ్చి చూస్తారు. పొయ్యి దగ్గర మీరు తప్ప ఇంకెవరు కనిపించినా, కుర్చీలు కనిపించినా జరిమానా తప్పదు."

"రెండు పూటలా... రోజూనా సార్?"

"ఇప్పుడు రోజూ వండుతున్నారా లేదా?"

"వండుతున్నాను సార్."

"పాపం, ఆదివారాలు కూడా మానరు సార్."

"నువ్వు కాసేపు ఊరుకుంటావా!"

"ఇంకొక్క పని మిగిలింది. ఫిర్యాదు చేసినవాళ్ళు సరేనంటేనే ఈ కేసు మూసెయ్యాలి. వాళ్ళ నంబరు ఉంది, ఒక మాట అడుగుతాను."

"అడగండి సార్, ఇప్పుడే అడగండి! మేష్టారి ఫోను మోగితే గోడ ఇవతలికి గంట కొట్టినట్టు వినిపిస్తుంది. ఇవాళ ఆయన బండారం బయటపడాల్సిందే. ష్, ఎవరూ మాట్లాడకండి."

"కలిసిందండీ. అవతల మోగుతోంది."

"ఏదీ, వినపడదే... ఏమోయ్, వంటింట్లో నీ ఫోను మోగుతోంది, సరిగ్గా ఇప్పుడే మోగాలా అది! వెళ్ళి దాని నోరు మూయించు, మేష్టారిది వినపడి చావడం లేదు."

"మోగనివ్వండి. సార్, ఇంక ఫోను పెట్టెయ్యండి, ఎదురుగానే ఉన్నానుగా. మంట ఆర్పించెయ్యండి. వంట మాత్రం ఆయన పేరు మీదే ఉండనివ్వండి."