ఖాళీ కోటు

హాంబర్గ్‌లో అద్దెకు తీసుకున్న ఇంట్లో దర్శకుడు టెహ్రాన్ వంటగదిని అచ్చుగుద్దినట్టు కట్టించుకున్నాడు. కొడుకు వేషం వేసే నటుడు ఇంకా రాలేదు. తల్లి వేషం వేస్తున్న పెద్దావిడ కొక్కేనికున్న కోటు చేతిలోకి తీసుకుని దర్శకుడి వైపు తిరిగింది.

"ఎనిమిదేళ్లకి కొడుకు జైలు నుంచి వస్తే, నేను వాణ్ణి వదిలేసి వాడి కోటుని కావలించుకోవాలా?"

"అలాగే రాశాను ఖానుం," అన్నాడతను, తమ భాషలో 'అమ్మగారూ' అని మర్యాదగా పిలుస్తూ.

"మన టెహ్రాన్‌లో అయితే సరే. వేషానికి కొడుకైనా పరాయి మగాడేనని సెన్సారు వాళ్లు తాకనివ్వలేదు. ఇక్కడ ఎవరు ఆపారు?"

దర్శకుడు కాగితాలు తిరగేశాడు. రాసేటప్పుడు ఆ సంగతే తట్టలేదతనికి.

"మీరు కోటు హత్తుకుంటే హాలంతా ఏడ్చేది."

"వాళ్లు ఏడ్చారు. నా చేతులే ఖాళీగా ఉండిపోయాయి. ముప్పయ్యేళ్లలో కోట్లు, తలగడలు, ఒకసారి సైకిలు కూడా కావలించుకున్నాను."

"సైకిలు నా సినిమాలోనే."

"తెలుసు. హ్యాండిలు డొక్కలో గుచ్చుకుంది."

"తల్లి కొడుకుని కావలించుకునే షాటు నేనెప్పుడూ తీయలేదు ఖానుం. కెమెరా ఎక్కడ పెట్టాలో కూడా తెలీదు."

"ఈ కోటెవరిది?"

"నాదే. దేశం దాటినప్పుడు వేసుకున్నది."

"మీ అమ్మతో ఏం చెప్పి వచ్చావు?"

"నిజం చెబితే పోలీసులు ఆవిడను పట్టుకుని అడుగుతారని చెప్పలేదు. వంట చేస్తోంది. రొట్టె తెస్తానని బయటికొచ్చేశాను."

ఆవిడ కోటు అతని చేతిలో పెట్టింది.

"ఇది తొడుక్కుని ఆ తలుపులోంచి రా. కెమెరా సంగతి తర్వాత చూద్దాం."

అతను కోటు తొడుక్కుని బయటికి వెళ్లి, తలుపు తట్టి లోపలికి వచ్చాడు. ఆవిడ రెండు చేతులా దగ్గరికి తీసుకుంది.

"రొట్టె తేవడానికి ఇన్నేళ్లా, నాన్నా?"