నర్సమ్మగారి పడవకు బిగించిన లంగరు మోటారు

"నన్ను! నన్నయ్యా! పడవ దిగమంది నర్సమ్మగారు! పదిహేనేళ్లుగా నా నడుముకి వేలాడుతున్న షెడ్డు తాళం అక్కడికక్కడే ఇచ్చెయ్యమంది!"

మేస్త్రీ గ్లాసు బల్ల మీద కొట్టేసరికి సగం టీ ఒలికిపోయింది. నర్సమ్మగారి పడవల షెడ్డుకి ఎదురుగా ఉన్న టీ కొట్టు అది. బెంచీ మీద తెరచాపలు కుట్టే నేను, రంగులేసే తమ్ముడు, ఆ చివర తల ఇంకా తడారని గజ ఈతగాడు. అతని తోపుడుబండి గోనెపట్టా కప్పుకుని బయట ఉంది.

"ఇంతకీ ఏం చేశావు?" అంది టీ కొట్టు అక్క.

"ఏం చేశానా? మేలు చేశాను! ఆవిడ తెరచాప పడవ నాకంటే ముసలిది. చేత్తో లంగరు లాగలేక నడుం పట్టేస్తోందంటే, అమ్మా, మోటారు పెట్టిద్దాం, స్విచ్చి తొక్కితే గొలుసు దానంతటదే పైకొస్తుంది అన్నాను. పడవ ముక్కు దగ్గర డెక్కు కోస్తే కింద చెక్కంతా చివికిపోయి పొడిపొడిగా చేతికొచ్చింది. వేరేవాడైతే పారిపోయేవాడు. నేను ఆ చివికిందంతా గీకి, మందపాటి పలక వేసి, నాలుగు బోల్టులు బిగించి, చుక్క నీరు దిగకుండా బంక పెట్టి, బ్యాటరీ నుంచి బొటనవేలంత లావు వైరు లాగాను. కొట్టు నుంచి తెచ్చిన అరవై మీటర్ల కొత్త గొలుసు కింద అరలో గుట్టగా పోసి, పై కొసకి లంగరు తగిలించాను. ఒక్క పూటలో! తప్పుందా ఇందులో? చెప్పండి!"

లేదన్నాం. బోల్టు బిగించడంలో నిజంగానే అతనికి సాటి లేరు.

"ఆఁ! నిన్న పొద్దున రేవు దాటి వెళ్లాం. నర్సమ్మగారేమో వెనక చుక్కాని దగ్గర, నాకు వీపు పెట్టి కూర్చుంది. ఇక ఆవిడకేం కనిపిస్తుంది? నేను లంగరు దింపాను, మళ్లీ పైకి లాగుదామని స్విచ్చి మీద ఇలా కాలు పెట్టానో లేదో, పడవ ముక్కు మూరెడు కిందికి దిగింది. లంగరు అడుగున దేన్నో పట్టుకుంది. నా మోటారు వదులుతుందా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎప్పుడో మునిగిపోయిన ఓడ ఒకటి, కిటికీలకి పరదాలతో సహా పైకి లేచింది!"

"పరదాలు ఏ రంగు?" అన్నాడు రంగులేసే తమ్ముడు.

"నీలం! నీకు రంగు తప్ప ఇంకోటి పట్టదు కదా! ఓడ పక్కకి దొర్లిపోయింది, లంగరు ఈసారి నేలనే పట్టుకుంది. మోటారు గిలక తిరుగుతున్న కొద్దీ సముద్రం అడుగు పైకొస్తోంది. నీళ్లు మోకాలి లోతుకొచ్చాయి, చేపలన్నీ దారి తెలియక నా మొహం చూస్తున్నాయి."

"అయ్యో పాపం," అంది అక్క.

"పాపం వాటిదేనా? అసలు పాపం వెనకొస్తోంది! కాసేపటికి ఎదురొడ్డు కదిలింది! దీపస్తంభం, మిద్దెలు, కిళ్లీ కొట్టుతో సహా ఊరు ఊరంతా నా మీదకి వచ్చేస్తోంది. మిద్దె మీద బట్టలారేస్తున్న ఒకావిడ నాకు ఇంత దూరంలో నిలబడి, అన్నయ్యా, పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను, మా ఊరిని ఎక్కడికి లాక్కెళ్తున్నావని ఒకటే ఏడుపు! కాలు తీశాను. ఆగితేనా? అప్పుడిక రంపం తీసి, కొత్త గొలుసని కూడా చూడకుండా పరపరా కోసేశాను. ఊరు వెళ్లి తన చోట తాను కూర్చుంది. పాలు కూడా పొంగలేదట!"

"కోసేశావా?" అన్నాడు గజ ఈతగాడు.

"కోయక? ఊరిని కాపాడిన మనిషిని పట్టుకుని, లంగరేదీ గొలుసేదీ అని నిలదీస్తుందా ఆవిడ! గరగరమని చప్పుడొచ్చింది, ఆ తర్వాత ఏమీ లేదు, అంటుందా!" మేస్త్రీ గొంతు ఉన్నట్టుండి తగ్గింది. "మీరంతా నాతో రండి. మేస్త్రీ అలాంటివాడు కాదని ఒక్క మాట చెప్పండి. ఆ తాళం లేకపోతే ఈ రేవులో నన్నెవరు పలకరిస్తారయ్యా?"

ఊరు కదిలిన సంగతి ఎలా ఉన్నా, ఆ మాటకి మాకు జాలేసింది. లేచి నిలబడ్డాం.

"ఒక్క నిమిషం బాబాయ్," అంటూ ఈతగాడు బయటికెళ్లి గోనెపట్టా తీశాడు. కొత్త గొలుసు కొస ఒకటి పట్టుకుని బల్ల దాకా ఈడ్చుకొచ్చాడు. "పొద్దున నర్సమ్మగారు పంపిస్తే మునిగి, తాడు కట్టి పైకి లాగించాను. లంగరుంది, అరవై మీటర్లూ ఉన్నాయి. ఇది పడవలో ఉండాల్సిన కొస. చూడు."

చివరి లింకుకి సన్న తీగతో కొట్టువాడి చీటీ ఇంకా వేలాడుతోంది.

"కోసిన కొసకి చీటీ ఎలా ఉంటుంది బాబాయ్? దీన్ని నువ్వు పడవకి కట్టనే లేదు. లంగరు దింపగానే గొలుసంతా జారి నీళ్లపాలైంది."

మేం ఒక్కొక్కరమే కూర్చున్నాం. మేస్త్రీ చీటీని చేతిలోకి తీసుకున్నాడు. మొహం ఎర్రబడింది.

"చూశారా! తప్పంతా ఆ కొట్టువాడిది! గొలుసు అమ్మేవాడికి ఆ మాత్రం తెలియదూ? ఈ కొస ముందు పడవకి కట్టండి అని ఒక్క ముక్క రాస్తే వాడి సొమ్మేం పోయింది?"

ఈతగాడు మిగిలిన టీ తాగేసి గ్లాసు కింద పెట్టాడు.

"రాశాడు బాబాయ్. వెనక్కి తిప్పు."