దయ్యం పట్టిన కొంగు

ధర్మవరంలో ఒక స్టూడియో. కంప్యూటర్ ముందు ఫోటోగ్రాఫర్ కూర్చున్నాడు. ఫోటోలోని పట్టుచీర నేసినామె అతని వెనక నిలబడి చూస్తోంది.

“ఏమప్పా, జరీ బాగా కనపడతాండాది గానీ, కొంగు మసగ్గా ఉండాదే?”

“జరీ మెరుపూ, బట్ట రంగూ రెండూ తేలాలని వెలుతురు తక్కువ పెట్టి ఒక ఫోటో, ఎక్కువ పెట్టి ఒకటి, మధ్యలో ఒకటి తీసి మూడూ కలిపినానక్కా. ఫ్యాను గాలికి కొంగు కదిలి మూడిట్లో మూడు చోట్ల పడింది. దీన్ని గోస్ట్ అంటారు.”

“అంటే?”

“దయ్యం. ఉండు, ఈ బటన్ నొక్కితే పోతాది.”

“పోయిందప్పా. దాంతోపాటే చిలకపచ్చ కూడా పోయింది.”

“పచ్చ యాడిదక్కా? ఎర్ర చీరే కదా?”

“నిలువు పోగు పడుగు ఎరుపు, అడ్డపోగు పేక పచ్చ. బట్ట కదిలితేనే పచ్చ తేలేది. పోయినసారి నీ ఫోటో చూసి బెంగళూరామె ఉత్త ఎర్రదనుకునింది. చేతికొచ్చినాక పచ్చ కొడతాండాదని వాపసు పంపింది.”

“కొంగు ఒక్కో ఫోటోలో ఒక్కో రంగుంటే, కంప్యూటర్ ఒకదాన్నే ఉంచి తక్కినవి తప్పనుకుంటాదక్కా. ఫ్యాను ఆపేసి మళ్లీ తీస్తా.”

“ఆపొద్దప్పా. ఫ్యాను తిరగనీ, వీడియో తియ్యి. మా చీర కొనేదే ఆ దయ్యం కోసం.”