రీలు చివర మిగిలిన బొమ్మలు

కూర్చో పాపా, ఆ కుర్చీ కాలు ఊగుతాది, ఈ మంచం మీద కూర్చో. డబ్బా యాడికీ పోలేదు, అటక మీదనే ఉండాది, దించుతాలే. నాగలమడికలో బస్సు దిగి ఈ ఎండకు నడిచొచ్చినావా? దిగినంక ఒక్క ఫోన్ చేసింటే మా మనవడు చేతన్‌ను బండిచ్చి పంపేవాన్ని కదా. తిప్పమ్మా, యాడున్యావు, సదానంద శెట్టి బిడ్డ వచ్చింది, స్ఫూర్తి, రొంత మజ్జిగ తీసుకురా. మా ఆడది నిన్ను గుర్తు పట్టదులే. మీ నాయన పోయినప్పుడు నీకు ఎనిమిదేండ్లు. కర్మ అయిన మరుసటి దినమే మీ మేనమామ వచ్చి నిన్నూ మీ అమ్మ జలజమ్మనూ హిందూపురం పిలుచుకొని పాయె. ఇప్పుడు చూస్తే ముక్కు మీ నాయనదే, మాట మటుకు మీ అమ్మది, తొందర కూడా. ఏందీ, డబ్బానా? ఇస్తానంటి కదా. పదైదేండ్లు ఈడ ఉండినదానికి ఒక గడియ తాళలేవా.

మీ నాయనోళ్ళది వై.ఎన్.హొసకోట బజార్లో కిరాణా అంగడి, నీకు తెలుసు. అన్నదమ్ములంతా తక్కెడ పట్టుకుంటే ఈయనొక్కడు కెమెరా పట్టుకున్యాడు. అంగడి పక్కనే స్టూడియో పెట్టినాడు, పెండ్లిండ్లూ నామకరణాలూ తీసేది. అంత బజారు వదిలి, మా చేను పక్కన మీ తాత కొనిపెట్టిన మెట్టలో రెండంకణాల ఇల్లు కట్టుకున్యాడు. ఊరంతా నవ్విరి. నేనూ నవ్వినా, దాచేదేముండాది. "శెట్టీ, తలుపు తీస్తే ఏమగుపడతాది నీకు, తంగేడు చెట్లు, రాతిగుండ్లు, నా గొర్రెలు" అంటే, "అంతే కదా కదిరన్నా, ఇంగేం కావల్ల" అనేవాడు. ఆ తలుపు ముందర నిలబడి కనపడినదంతా తీసేవాడు. తొండ, ఉడుము, పల్లేరు పువ్వు, ఏదైనా సరే. కానీ పిట్టకోసరం రీలు కొన్యాడని తెలిస్తే అన్నదమ్ములు ఊరుకుంటారా? అందుకని ఒక ఉపాయం చేసినాడు. రీలుకు ముప్పైయారు బొమ్మలు. పెండ్లిలో చివరి రీలు ఉంటాది చూడు, దాంట్లో నాలుగైదు మిగిలిచ్చుకొని వచ్చేవాడు. మా కొల్లప్ప కూతురి పెండ్లిలో ఏమాయనో చెప్తా విను. పెండ్లికొడుకు మేనమామ కొత్త పంచె కట్టుకొని, మీసం దువ్వుకొని వచ్చి నిలబడితే, మీ నాయన ఊరకే టప్‌మని లైటు కొట్టి పంపిచ్చినాడు. బొమ్మ పడనే లేదు. ఆల్బం వచ్చినంక ఆ మామ కాగితాలన్నీ తిప్పి తిప్పి, "నేను యాడ?" అంటాడు. "మీరు కండ్లు మూసుకున్యారు, బాగ రాలేదు" అంటాడు మీ నాయన. ఆ మామకు పడాల్సిన బొమ్మలో కౌజుపిట్ట పిల్లల్నేసుకొని దావ దాటుతా ఉండాది. నాకు చూపించినాడు. అప్పుడు నవ్వినట్ల నేను మల్ల యాడా నవ్వలేదు.

పెండ్లిండ్లుండే నెలల్లోనే ఆయనకు పిట్టలు. వైశాఖంలో నేల కాలిపోతా ఉంటే తీతువు చేనిగట్టు మీద గుడ్లు పెడతాది, గూడూ పాడూ ఏమీ లేదు, ఊరకే నేల మీద. మా గొర్రెలోళ్ళు అవి కనపడితే చుట్టూ మూడు రాళ్ళు పెడతాం, వెనక వచ్చే మందను పక్కకు తోలుకునేదానికి. నేను రాళ్ళు పెట్టేది, ఆయన ఆ రాళ్ళు గుర్తు పట్టుకొని కెమెరా తీసుకొని పొయ్యేది. శ్రావణంలో సెనక్కాయ చేలో జింకలు. కార్తీకంలో తంగేడు ఎట్ల పూసేదంటే మీ ఇల్లే అగుపడేది కాదు. మాఘంలో కరెంటు తీగె మీద పాలపిట్ట. ఆషాఢంలో, పుష్యంలో ముహూర్తాలు లేవు, ఆయనకు రీలు లేదు. మొదటి వానకు ఆరుద్ర పురుగులు ఎర్రగా బయటికొచ్చి నేలంతా పాకుతా ఉంటే, ఖాళీ కెమెరా పక్కన పెట్టుకొని బోర్లా పండుకొని చూసేవాడు. "రీలే లేదు కదా శెట్టీ" అంటే "చూసేదానికి రీలెందుకు కదిరన్నా" అనేవాడు. నువ్వు కూడా ఆయన వీపు మీదెక్కి కూర్చునేదానివి, గుర్తుండాదా? లేదా. పోనీలే.

మనిషి కనపడితే తీతువు అరిచి ఊరంతా లేపుతాది. అందుకని నా కంబళి అడిగి తీసుకునేవాడు. అది తల మీద కప్పుకొని తంగేడు చాటున గొంతుక్కూర్చున్యాడంటే నా కుక్క కూడా కనిపెట్టేది కాదు. ఒక దినం కెమెరా నా చేతికిచ్చి, "నేనెట్ల కనపడతానో తీయి కదిరన్నా, ఇది నొక్కు" అన్యాడు. నొక్కినా. నా బతుకులో నేను తీసిన ఫోటో అదొక్కటే. మీ నాయన ఇంగ ఏ బొమ్మలోనూ లేడు పాపా, తీసేవాడు పడడు కదా. మీ ఇంట్లో గోడకుండేది కూడా ఏదో కార్డు ఫోటో పెద్దది చేసిందే. అందుకే... ఉండు, చెప్తా. వరసగా చెప్పనీ.

కామెర్లు వచ్చె ఆయనకు. ఆకుమందు తిన్యాడు, అనంతపురం పెద్దాసుపత్రికి పోయినాడు, ఏమీ కాలే. పోయేదానికి వారం ముందు, తీసిన ఫిలిములన్నీ నింపిన ఆ బిస్కెట్ల డబ్బా చంకలో పెట్టుకొని వచ్చినాడు. ఈడనే, నువ్వు కూర్చున్న తావునే కూర్చున్యాడు. "ఇవి అంగడికి పోతే చెత్తలో ఏస్తారు. నీ దగ్గర ఉండనీ. పాప పెద్దదై అడిగితే ఇయ్యి" అన్యాడు. ఒట్టు ఏయించుకోలే. నమ్మినాడు, అంతే. తర్వాత ఏండ్లకేండ్లు వాన లేదు. సెనక్కాయ ఎండిపాయె, గొర్రెలు అమ్ముకుంటిమి. సోలార్ వస్తాదనిరి. మీ పెదనాయనోళ్ళు భూమి ఇచ్చిరి, నేనూ ఇస్తి. తప్పనను, కరువులో మాకు అన్నం పెట్టింది అదే. మీ ఇల్లు జేసీబీ పెట్టి ఒక పూటలో నేల చేసిరి. వచ్చేటప్పుడు కంచె లోపల సోలార్ పలకలు నీలంగా మెరుస్తా ఉండె కదా, రెండో గేటు పక్కన, మీ గడప అదే. తీతువు ఇప్పుడు కూడా అప్పుడప్పుడు అరుస్తాది. యాడ గుడ్లు పెడతాదో తెలీదు. లోపలికి మమ్మల్ని పోనియ్యరు.

ఇంగ ఆ గ్రహణం సంగతి. రెండు వేల పంతొమ్మిది డిసెంబర్లో, పొద్దున పూట సూర్యగ్రహణం వచ్చె. మా ఇంట్లో గ్రహణమంటే పొయ్యి ముట్టియ్యం, కుండల మీద గరిక ఏస్తాం, గడప దాటం. పిల్లోళ్ళు ఊరుకుంటారా? ఫిలిం అడ్డం పెట్టుకొని చూడొచ్చని ఎవరో చెప్పినారంట. అది కూడా కండ్లకు మంచిది కాదని తర్వాత తెలిసింది. మా చేతన్, "తాతా, అటక మీద ఫిలిం డబ్బా ఉండాది కదా" అన్యాడు. వాకిట్లో వీధి వీధంతా చేతులు చాపుకొని నిలబడ్రి. నేను ఊరకే ఎత్తి ఇచ్చేయలేదు పాపా. అదే నన్ను తినేది. బాగా ఆలోచించి ఇచ్చినా. పెండ్లికొడుకూ పెండ్లికూతురూ ఉండే ఫిలిం గ్రహణానికి అడ్డం పెడితే ఆ జంటకు కీడు కదా. మంది బిడ్డలు, ఎవరి కాపురం ఎందుకు చెడల్ల. బల్బు కింద కూర్చొని కత్తెర పట్టుకొని, మనుషులుండేది ఒక పక్క, చెట్టూ పుట్టా పిట్టా ఉండేది ఒక పక్క కత్తిరించినా. మనుషుల్ని మల్ల భద్రంగా డబ్బాలో పెట్టినా. మిగిలింది తలుపు సందులోంచి బయటికిచ్చినా. మంచి పని చేసినానని తృప్తిగా లోపలే కూర్చున్యా. నేను ఆకాశం దిక్కు చూడనే లేదు.

విడుపు అయినంక అందరూ తలకు పోసుకోవల్ల. గ్రహణానికి వాడింది ఇంట్లో ఎవరు పెట్టుకుంటారు? నీళ్ళ పొయ్యిలో ఏసిరి. ఫిలిం బాగా అంటుకుంటాది. సాయంత్రం తిప్పమ్మ వాకిలి ఊడుస్తా ఒక ముక్క దొరికితే వెలుతురుకు పెట్టి చూసి, "ఇవి నువ్వు పెట్టిన రాళ్ళు కావా" అనింది. చూస్తే మూడు రాళ్ళు, నడుమ నాలుగు గుడ్లు. అప్పుడు తెలిసొచ్చింది నాకు నేనేం చేసినానో. ఇంటింటికీ పోయినా. రంగక్క, "అయ్యో, ఇప్పుడే పొయ్యిలో ఏస్తి కదన్నా" అనింది. అందరూ అదే మాట. నువ్వు పోయిన వారం ఫోన్ చేసి, "మా నాయన చూసినవన్నీ చూడల్ల, పన్నెండు నెలలదీ గోడకు పెట్టుకుంటా" అంటివి. ఫోన్లోనే చెప్పుండల్ల. సిగ్గు పాపా.

దా, ఇదో డబ్బా. మూత బిగుతు, గోరుతో తియ్యి. వెలుతురుకు పెట్టి చూడు, అందరూ మనుషులే. మీ నాయన ఎప్పుడయిపోతాదా అని తీసినోళ్ళంతా ఒక్కరు తప్పకుండా ఉండారు. ఆ అడుగున కాగితంలో చుట్టింది తీతువు గుడ్లది, చీపురు గీరుకొని పోయింది, అయినా పెట్టినా. ఇంగేం వెదుకుతావు? తెలుసులే, నేను తీసింది, కంబళిది. అది కూడా ఆ దినం చేతికొచ్చింది. కత్తెర రొంతసేపు ఆపి చూసినా. తంగేడు పక్కన ముద్దగా, ఒదిగి ఉండె. గుండు అనుకున్యా పాపా. గుండే కదా అని బయటికిచ్చినా.

తిప్పమ్మా, ఆ మజ్జిగ ఇంగా తేలేదా.