థైరాయిడ్‌కి అరవై రెండు మార్కులు

డాక్టరమ్మ గది. బల్లకి ఇవతల లెక్కల మాస్టారు, పక్క కుర్చీలో ఆయన భార్య.

“ఆవిణ్ణి చెప్పనివ్వండి మాస్టారూ.”

“ఆవిడ చెప్పేదేముందండీ, నేను చెబుతున్నాగా! ఒకటే నిద్ర. పిలిస్తే పలకదు. డ్రైవింగ్ స్కూల్లో జనానికి కారు నేర్పే మనిషి! రేపు ఎవరినైనా గుద్దేస్తే? ఈవిడ ఆ ఉద్యోగానికి పనికిరాదని ఒక్క ముక్క రాసివ్వండి, చాలు.”

“రాసే సంగతి తర్వాత. ఏమ్మా, మాత్ర రోజూ...”

“ఆవిడ మాత్ర నేను ఆపించేశానండీ.”

“మీరా?”

“నేనే. మూడు నెలల క్రితం మీరు రాసిచ్చిన రోజే. డబ్బా చెత్తబుట్టలో పడేశాను.”

“ఎందుకని?”

“రిపోర్టు చూశానండీ! నాలుగు దాటకూడదని పక్కనే అచ్చేసి ఉంది. ఈవిడకి అరవై రెండు! థైరాయిడ్ అంత పొంగిపొర్లుతుంటే మీరు మళ్ళీ థైరాయిడ్ మాత్రే రాశారు. నిండిన బిందెలో నీళ్ళు పొయ్యమన్నట్టు. ముప్పై ఏళ్ళుగా లెక్కలు చెబుతున్నాను, ఆమాత్రం తెలీదా?”

“అరవై రెండు థైరాయిడ్‌ది కాదు మాస్టారూ.”

“థైరాయిడ్ అని పెద్దక్షరాల్లో రాసుంటేనూ...”

“ఆ అంకె పిట్యూటరీది. మెదడు కింద బఠాణీ గింజంత గ్రంథి. మెడలో ఉన్న థైరాయిడ్‌ని పని చెయ్యమని కేకేస్తుంటుంది. ఆ కేక కూడా ఒక హార్మోనే. మీరు చదివింది ఆ కేకని.”

“అంత కేకేస్తే పని కూడా అంతే...”

“పని జరగట్లేదు కాబట్టే అంత కేక! థైరాయిడ్ తన హార్మోను సరిగ్గా వదిలితే, పైనున్నది రక్తంలో అది చూసుకుని నోరు తగ్గిస్తుంది. కిందది చేతులెత్తేస్తే పైది అరిచి చస్తుంది. మీరు బల్ల బాదినకొద్దీ పిల్లలకి లెక్కలు వచ్చేస్తున్నాయా?”

“అది వేరు.”

“ఏం వేరు?”

“మా పిల్లలు మొద్దులు.”

“థైరాయిడ్ చెయ్యలేని పని బయటి నుంచి చేసిపెట్టేదే ఆ మాత్ర. అది లేకపోతే గుండె, పేగులు, బుర్ర, అన్నీ నెమ్మదిస్తాయి. నిద్ర రాక ఏమొస్తుంది? మీరు మాత్ర పారేసి, నిద్రపోతోందని ఆవిడ మీద ఫిర్యాదు తెచ్చారు!”

“తెలియక చేశానండీ.”

“ముప్పై ఏళ్ళ లెక్కలు ఏమయ్యాయి?”

“సరే, తప్పు నాదే. అయితే ఆ అంకె ఇప్పుడు నూరు దాటి ఉంటుందిగా? అలాంటి మనిషి కారు ముట్టుకోకూడదుగా? మరి ఆ ముక్కే రాసివ్వండి! పొద్దున్నే పోయి ఎవరెవరికో క్లచ్చూ బ్రేకూ చూపించడం... ఇంటిపట్టున ఉంటే హాయిగా...”

“మూడు నెలలు మాత్ర లేదంటే రాయక తప్పదు. ఏమనుకోకమ్మా, ఉద్యోగం కొన్నాళ్ళు మానుకోవాల్సిందే. నిన్న ఇచ్చిన రక్తం రిపోర్టు ఇదేనా? ఏదీ... ఇదేమిటి?”

“నూట ఎంత?”

“రెండున్నర.”

“రెండొందల యాభయ్యా!”

“ఉత్త రెండున్నర. నిక్షేపంలా ఉంది. అమ్మా, ఈ రక్తం నీదేనా?”

“నాదేనండీ. ఆ డబ్బా చెత్తబుట్టలోంచి తీసి కార్లో పెట్టుకున్నాను. రోజూ మొదటి క్లాసుకి ముందు, పరగడుపునే వేసుకుంటున్నాను. అయిపోతే మళ్ళీ కొనుక్కున్నాను.”

“నాకు చెప్పకుండానా?”

“మీరు నన్ను అడిగే పారేశారా?”

“ఆగండి మాస్టారూ. మరి ఈ నిద్ర ఏమిటమ్మా? పిలిస్తే పలక్కపోవడం ఏమిటి?”

“ఇవాళ పొద్దున నలుగురికి రివర్సు నేర్పి వచ్చానండీ, ఒక్క ఆవలింత లేదు. అది నిద్ర కాదు డాక్టరుగారూ. నేను కళ్ళు మూస్తేగానీ ఈయన నోరు మూయరు.”